సిరంజిల్లో తేడా ఎక్కడుంది: గీతలు, కొనలు, తాళాల వెనుక లెక్క

క్లుప్తంగా: సిరంజి మందు ఎక్కించే గొట్టం మాత్రమే కాదు, మందును కొలిచే సాధనం కూడా. దాని మీది గీతలు, కొన తీరు, పిస్టన్‌కు పెట్టిన తాళం మారితే పనీ మారిపోతుంది. మామూలు జనానికి ఎక్కువ ప్రమాదం ఇన్సులిన్ సిరంజిల దగ్గరే ఉంది. మందు గాఢతను బట్టి ఉండే 40 రకం, 100 రకం తారుమారైతే డోసు రెండున్నర రెట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. టీకా సిరంజికీ, వార్డులో వాడే సిరంజికీ తాళాలు వేరుగా ఉండటం కూడా అవసరం కొద్దీ వచ్చినదే.

## "షుగర్ సూదులు పది ఇవ్వండి"

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ మందుల షాపుల దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. వార్డు నుంచి చీటీ పట్టుకుని దిగిన రోగి బంధువు "టూ సీసీ నాలుగు, ఫైవ్ సీసీ రెండు, టెన్ సీసీ ఒకటి" అని చదువుతాడు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం వచ్చిన మనిషి "షుగర్ సూదులు పది ఇవ్వండి" అంటాడు. మొదటి మాటలో కొలత ఉంది, రెండో మాటలో లేదు. "నలభైదా, వందదా?" అని కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఎదురు అడిగితే సరే. రద్దీలో అడక్కుండా చేతికందిన ప్యాకెట్ ఇచ్చేస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ చిక్కు పాతదే గానీ, ఈమధ్య దానికి ఇంకో కారణం తోడైంది. ఇన్సులిన్ పెన్ను (డయల్ తిప్పి డోసు ఎక్కించే సాధనం)లో పెట్టే హ్యూమన్ ఇన్సులిన్ మందు గొట్టాలను, అంటే కార్ట్రిడ్జ్‌లను, ఒక బహుళజాతి కంపెనీ మన దేశంలో దశలవారీగా ఆపేస్తోందని 2025లో వార్తలు వచ్చాయి. దాంతో పెన్నుకు అలవాటుపడిన కొందరు మళ్లీ సీసా, సిరంజి పద్ధతికి రావాల్సి వస్తోంది. పెన్నులో డయల్ తిప్పి 20 దగ్గర ఆపితే 20 యూనిట్లే వస్తాయి. లోపలి మందు గాఢత ఎంతో తెలియకపోయినా నడిచిపోతుంది. సిరంజితో అలా నడవదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటే అయితేనే గీతకు అర్థం ఉంటుంది.

## 20 యూనిట్లు 8 ఎలా అవుతాయి, 50 ఎలా అవుతాయి

మన దగ్గర సీసాల్లో వచ్చే హ్యూమన్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో ఉంటుంది. 10 మి.లీ. సీసాలో మొత్తం 400 యూనిట్లు. పెన్ కార్ట్రిడ్జ్‌లో గాఢత మిల్లీలీటరుకు 100. 3 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు. అక్కడితో ఆగితే గుర్తు పెట్టుకోవడం తేలికే: సీసా అంటే 40, పెన్ను అంటే 100. కానీ గ్లార్జిన్ లాంటి అనలాగ్ (కొంత మార్చి తయారు చేసిన) ఇన్సులిన్లు సీసాలోనూ 100 గాఢతతో దొరుకుతాయి. పొద్దున ఒక రకం, రాత్రి ఇంకో రకం తీసుకునేవారి ఫ్రిజ్‌లో రెండు సీసాలూ పక్కపక్కనే ఉండొచ్చు.

సిరంజిలూ ఇందుకు తగ్గట్టే రెండు రకాలు. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ మూత ఉంటుంది. రెండూ 1 మి.లీ. పట్టేవే, రెండింటికీ సన్నని సూది అతికే వస్తుంది. మొదటిదాని మీద 0 నుంచి 40 వరకు, రెండోదాని మీద 0 నుంచి 100 వరకు అంకెలుంటాయి. ఇంకో తేడా చాలామంది చూడరు. 40 సిరంజిలో ఒక్కో చిన్న గీత ఒక యూనిట్. 1 మి.లీ. 100 సిరంజిలో ఒక్కో చిన్న గీత రెండు యూనిట్లు.

డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 గాఢత ఉన్న సీసా నుంచి 20 యూనిట్లు కావాలంటే సిరంజిలోకి అర మిల్లీలీటరు రావాలి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత సరిగ్గా అక్కడే ఉంటుంది. అదే సీసాకు నారింజ మూత సిరంజి వాడి 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ. మాత్రమే. అందులో ఉండేది 8 యూనిట్లు. రోజూ "ఇరవై" వేసుకుంటున్నా షుగర్ దిగదు. రిపోర్టు చూసిన డాక్టరు డోసు పెంచుతారు. కొన్నాళ్లకు షాపులో సరైన సిరంజి చేతికొస్తే పెంచిన డోసు మొత్తంగా ఒంట్లోకి వెళ్తుంది. తక్కువ డోసే కదా, ముప్పేమీ ఉండదులే అనుకోవడానికి లేదు.

రెండోవైపు ప్రమాదానికి అంత వ్యవధి కూడా ఉండదు. 100 గాఢత ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. చెమటలు, వణుకు, మాట తడబడటం, చివరికి స్పృహ తప్పడం గంటల్లోనే జరిగిపోవచ్చు. పెన్ను పాడైందనో, పెన్ సూదులు అయిపోయాయనో కార్ట్రిడ్జ్ రబ్బరులోకి ఎర్ర మూత సిరంజి గుచ్చి మందు లాగే ఇళ్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

ప్రపంచంలో చాలా దేశాలు ఈ జంట పద్ధతిని వదిలేశాయి. అమెరికా 1970ల్లో, బ్రిటన్ 1983లో 100 గాఢతకు మారిపోయాయి. మన దగ్గర 40 ఇంకా నడుస్తోంది. దానికి ఒక సౌకర్యం లేకపోలేదు. గాఢత తక్కువ కాబట్టి ఒక్కో యూనిట్‌కు సిరంజిలో ఎక్కువ చోటు దొరుకుతుంది, తక్కువ డోసు తీసేటప్పుడు గీత తప్పే అవకాశం తగ్గుతుంది. రెండు గాఢతలు ఒకే బజారులో ఉండటం వల్ల వచ్చే ముప్పు ముందు ఈ సౌకర్యం చిన్నదే. మార్పు వచ్చేదాకా చేయగలిగింది ఒకటే: మూత రంగు చూసి ఊరుకోకుండా సీసా మీది అంకెను, సిరంజి గొట్టం మీది అంకెను పక్కపక్కన పెట్టి చూడాలి. మూతలు ఊడి పడిపోతాయి, అంకె ఎక్కడికీ పోదు.

## సీసీ పెరిగితే ఏం మారుతుంది

మామూలు సిరంజిలో మూడే భాగాలు. గీతలున్న పాలీప్రొపిలీన్ గొట్టం, అందులో జారే పిస్టన్ కడ్డీ, కడ్డీ చివర నల్లటి రబ్బరు బిళ్ల. 1, 2, 3, 5, 10, 20, 50 మి.లీ. పరిమాణాలు ఆసుపత్రుల్లో కనిపిస్తాయి. సీసీ అన్నా మి.లీ. అన్నా ఒకటే. 2 మి.లీ. కండకు వేసే ఇంజెక్షన్లకు, 5 మి.లీ. రక్తం తీయడానికి, యాంటీబయాటిక్ పొడి కలపడానికి, 10 మి.లీ. నరంలోకి నెమ్మదిగా ఎక్కించడానికి, సెలైన్‌తో లైన్ కడగడానికి. ఇదంతా వాడుకలో స్థిరపడిన పద్ధతే తప్ప చట్టమేమీ కాదు.

అయితే "పెద్దది ఉంది కదా, దాంట్లోనే కొంచెం తీస్తే సరి" అనడం మాత్రం తప్పు లెక్క. 2 మి.లీ. సిరంజిలో ఒక్కో గీత సాధారణంగా 0.1 మి.లీ., 5 మి.లీ. సిరంజిలో 0.2, ట్యూబర్‌క్యులిన్ సిరంజి అనే 1 మి.లీ. సన్న గొట్టంలో 0.01. పసిబిడ్డకు 0.3 మి.లీ. మందును 5 మి.లీ. సిరంజితో తీయడమంటే బియ్యం తూచే కాటాలో బంగారం తూచడమే. సిరంజి తయారీ ప్రమాణాలు కూడా ఈ సంగతి ఒప్పుకుంటాయి. సామర్థ్యంలో సగం కన్నా తక్కువ తీసినప్పుడు అనుమతించే తేడా శాతంలో చూస్తే పెరుగుతూ పోతుంది. చదవడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. రబ్బరు బిళ్ల పైభాగం గోపురంగా ఉన్న సిరంజిలో దాని మొన దగ్గర చూడకూడదు. బిళ్ల అంచు గొట్టం గోడను ఆనుకున్న మొదటి వలయం ఏ గీత మీద ఉందో అదే కొలత.

పరిమాణం మారితే ఒత్తిడీ మారుతుంది, అదీ చాలామంది అనుకునేదానికి రివర్స్‌లో. బొటనవేలి బలం అంతే ఉన్నప్పుడు గొట్టం ఎంత సన్నగా ఉంటే లోపల ఒత్తిడి అంత ఎక్కువ. 1 మి.లీ. సిరంజి గొట్టం అడ్డుకోత వైశాల్యం 10 మి.లీ. సిరంజిలో దాదాపు పదో వంతు. అంటే అంతే నొక్కుడుకు ఒత్తిడి దాదాపు పది రెట్లు వస్తుంది. క్యాన్సర్ రోగులకు చేతి నరం నుంచి గుండె దగ్గరి దాకా పెట్టే పిక్ లైన్ లాంటి గొట్టాలు మూసుకుపోయినట్లు అనిపించినప్పుడు చిన్న సిరంజితో గట్టిగా తోస్తే గొట్టమే చిట్లవచ్చు. అందుకే ఫ్లష్ చేయాల్సింది కొంచెం ద్రవమే అయినా 10 మి.లీ. సిరంజే వాడమని నర్సులకు నేర్పిస్తారు. ఇంటి దగ్గర ఇలాంటి లైన్ కడిగేవారికి డిశ్చార్జి చీటీలో "10 సీసీ" అని రాసి ఇచ్చేదీ ఇందుకే. 5 సీసీ చవకని తెచ్చుకుంటే ఆదా కాదు.

## కొన తీరు

సూది తగిలించే కొన రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. లూయర్ స్లిప్‌లో సూదిని నొక్కి బిగిస్తారు. లూయర్ లాక్‌లో స్క్రూలా తిప్పి బిగిస్తారు. పారిస్‌లో వైద్య పరికరాలు చేసిన లూయర్ కుటుంబం పేరు దానికి నిలిచిపోయింది. 6 శాతం వాలుతో కోసుగా ఉండే ఆ అమరిక ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణం. ఏ కంపెనీ సూదైనా ఏ కంపెనీ సిరంజికైనా పట్టేది ఆ వాలు వల్లే.

ఐసీయూలో సిరంజి పంపుకు పెట్టే 50 మి.లీ. సిరంజి లాక్ రకంగానే ఉండాలి. నిమిషానికి కొన్ని చుక్కల లెక్కన బీపీ నిలబెట్టే మందు వెళ్తున్నప్పుడు స్లిప్ కొన ఒత్తిడికి ఊడితే ఆ మందు పరుపు మీద కారిపోతుంది, బీపీ పడిపోతుంది. అదే మామూలు కండ ఇంజెక్షన్‌కు స్లిప్ చాలు.

అన్నీ అన్నింటికీ పట్టడమే లూయర్ అమరిక గొప్పతనం. దానిలోని ప్రమాదమూ అదే. ముక్కు ద్వారా కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో పోయాల్సిన పాలు, నోటి మందు, పొరపాటున నరం లైన్‌కు తగిలితే అడ్డుకునేది ఏమీ లేదు. ఇలాంటి ఘటనలు పలు దేశాల్లో ప్రాణాలు తీశాక, ఆహారపు గొట్టాలకు వేరే కొలతల కొన, వెన్నులో ఇచ్చే మందులకు ఇంకో కొలత కొన తయారయ్యాయి. ఒకదానికి ఇంకొకటి భౌతికంగానే పట్టదు. మన ఆసుపత్రుల్లో ఇవి ఇంకా అంతటా రాలేదు. ఆహారానికి వెడల్పు కొన ఉన్న 50 మి.లీ. క్యాథెటర్ టిప్ సిరంజి వాడటమే ప్రస్తుతానికి ఉన్న రక్షణ. ఇంట్లో మంచాన పడ్డవారికి ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చేవారు అడిగి తెచ్చుకోవాల్సింది దీన్నే.

పిల్లల సిరప్‌కు సూది పట్టని ఓరల్ సిరంజి విడిగా దొరుకుతుంది. అది లేక ఇంజెక్షన్ సిరంజిలో సూది తీసేసి మందు పట్టేవారు కొనకున్న చిన్న మూత సంగతి మరిచిపోకూడదు. అది పిల్లల గొంతులో ఇరుక్కున్న ఉదంతాలు నమోదయ్యాయి.

## రంగుల్లో ఉన్న తిరకాసు

సూది మందాన్ని గేజ్‌లో చెబుతారు. అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. 18 గేజ్ సూది బయటి వ్యాసం 1.2 మి.మీ., 21 గేజ్ 0.8, 23 గేజ్ 0.6, 26 గేజ్ 0.45. సన్న సూదికి నొప్పి తక్కువ, కానీ చిక్కటి మందు అందులోంచి పోదు. రుమాటిక్ గుండె జబ్బు ఉన్న పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి వేసే బెంజథిన్ పెన్సిలిన్ నీళ్లలో కరగదు, పొడి రేణువులు తేలుతూ ఉంటాయి. దానికి సన్న సూది పెడితే సగంలో మూసుకుపోయి మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. పిల్లాడు ఏడుస్తున్నాడని సన్న సూది అడగడం చివరికి రెండు పోట్లకు దారితీస్తుంది.

సూది అడుగు ప్లాస్టిక్ రంగు గేజ్‌ను చెబుతుంది: 18కి గులాబీ, 21కి ఆకుపచ్చ, 22కి నలుపు, 23కి నీలం, 24కి ఊదా, 26కి గోధుమ. ఐవీ క్యాన్యులాకు (నరంలో ఉంచే చిన్న గొట్టానికి) వచ్చేసరికి రంగులు మారిపోతాయి. అక్కడ 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. గులాబీ సూది, గులాబీ క్యాన్యులా ఒకే సైజు కావు. రెండు ప్రమాణాలు విడివిడిగా పుట్టి విడివిడిగానే స్థిరపడ్డాయి. వార్డులో "పింక్‌ది తీసుకురండి" అన్నప్పుడు షాపులో ఏది ఇవ్వాలో తెలియక తిప్పలు పడేది ఇందుకే. చీటీ మీద గేజ్ అంకె రాయించుకుంటే రెండోసారి దిగే పని తప్పుతుంది.

## ఒక్కసారికే: తాళం పెట్టిన సిరంజిలు

1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లో చార్లెస్ ప్రవాజ్ విడివిడిగా బోలు సూది సిరంజిని వాడుకలోకి తెచ్చారు. ఆ తర్వాత నూరేళ్ల పాటు సిరంజి అంటే గాజు, లోహం. మన దగ్గర స్టీలు డబ్బాలో నీళ్లు మరిగించి సిరంజిలు వేసే దృశ్యం ఒక తరం వారికి ఇంకా గుర్తే. 20వ శతాబ్దం రెండో సగంలో ప్లాస్టిక్ వచ్చింది, మరిగించే పని తప్పింది. చవకైన ప్లాస్టిక్‌తో కొత్త సమస్య పుట్టింది. వాడి పడేయాల్సినదాన్ని కడిగి మళ్లీ వాడేవారు తయారయ్యారు.

ఆ పని ఫలితం ఏమిటో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో తెలిసింది. సిరంజిలు మళ్లీ మళ్లీ వాడటం వల్ల అక్కడ హెపటైటిస్ బీ ప్రబలింది. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో ఒక్కసారిగా బయటపడిన హెచ్ఐవీ కేసుల విచారణలోనూ వేళ్లు సురక్షితం కాని ఇంజెక్షన్ల వైపే చూపాయి. వ్యాధి ఉన్నవారికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చుకుంటే సోకే అవకాశం ఉజ్జాయింపుగా హెచ్ఐవీకి 0.3 శాతం, హెపటైటిస్ సీకి 3 శాతం, టీకా లేనివారిలో హెపటైటిస్ బీకి 30 శాతం దాకా ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. భయం హెచ్ఐవీ పేరు మీద ఉంటుంది, ముప్పు మాత్రం హెపటైటిస్ బీదే ఎక్కువ.

"సూది మార్చాం కదా, సిరంజి అదే అయితే ఏమైంది" అనే వాదన కొందరు ఆర్‌ఎంపీల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. గుచ్చిన సూదిని బయటకు తీసేటప్పుడు కంటికి కనిపించనంత రక్తం వెనక్కి పీల్చుకుని సిరంజి గొట్టం దాకా చేరగలదు. సూది మార్చినా ఆ గొట్టం మారదు. అదే సిరంజిని మళ్లీ పెద్ద సీసాలో ముంచితే ఆ సీసాలోని మందంతా కలుషితం.

మనుషుల్ని నమ్ముకోవడం కంటే సిరంజినే మార్చడం మేలన్న ఆలోచన నుంచి ఆటో డిజేబుల్ (ఒకసారి వాడగానే తానే పనికిరాకుండా పోయే) సిరంజి పుట్టింది. టీకాలన్నింటికీ 2003 చివరికల్లా ఇదే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, యూఎన్ఎఫ్‌పీఏ (ఐక్యరాజ్యసమితి జనాభా నిధి) 1999లో ఉమ్మడిగా కోరాయి. మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి ఇది 2005 నుంచి వచ్చింది. దీని పనితీరు చిన్నదే గానీ ముచ్చటైనది. పిస్టన్ ఒక్కసారి మాత్రమే వెనక్కి వస్తుంది, నిర్ణీత డోసు దగ్గర ఆగిపోతుంది. ముందుకు తోయగానే లోపలి లోహపు క్లిప్పో, ప్లాస్టిక్ పన్నో గోడను కరిచి పట్టుకుంటుంది. ఇక లాగితే రాదు, బలంగా లాగితే విరుగుతుంది. సీసాలోకి ముందుగా గాలి ఎక్కించే పాత అలవాటు దీనికి పనికిరాదు, గాలి లాగడంతోనే ఉన్న ఒక్క అవకాశం అయిపోతుంది. టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలకు శిక్షణలో చెప్పేది సూది సీసాలోకి దిగేదాకా పిస్టన్ లాగొద్దనే. బీసీజీకి, చర్మంలో వేసే పోలియో టీకాకు 0.1 మి.లీ. రకం, పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) లాంటి వాటికి 0.5 మి.లీ. రకం ఇస్తారు.

మరి ఇదే సిరంజిని ఆసుపత్రిలో అన్నింటికీ ఎందుకు వాడరు? వార్డులో పని ఒక్క లాగుడుతో తేలదు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ పొడి సీసాలోకి నీళ్లు ఎక్కించాలి, కలపాలి, మళ్లీ లాగాలి, బుడగలు వదలాలి, అప్పుడు ఇవ్వాలి. పిస్టన్ నాలుగైదు సార్లు అటూ ఇటూ కదలాలి. అందుకే చికిత్స కోసం రీయూజ్ ప్రివెన్షన్ (మళ్లీ వాడకుండా ఆపే) అనే వేరే రకం వచ్చింది. ఇందులో పిస్టన్ ఎన్నిసార్లైనా కదులుతుంది, కానీ మందంతా ఇచ్చేసి అడుగుదాకా నొక్కాక లాక్ అవుతుంది, లేదా వెనక్కి లాగితే కడ్డీ విరిగిపోతుంది. లొసుగు ఒకటుంది. చివరిదాకా నొక్కకుండా కొంచెం మిగిల్చితే తాళం పడదు. మళ్లీ వాడాలని గట్టిగా అనుకున్నవాడిని ఇది పూర్తిగా ఆపలేదు, మరిచిపోయి వాడేవాడిని ఆపుతుంది.

చికిత్సలోనూ ఇలాంటి సురక్షిత సిరంజిలకు 2020 నాటికి మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ఆ దారి పడుతున్నట్లు ప్రకటించింది. ప్రభుత్వ కొనుగోళ్లలో మార్పు తేవడం ఒక ఎత్తు. పాడేరు మన్యంలోని సంతల్లో, నగరం అంచు కాలనీల్లో చిన్న క్లినిక్ నడిపేవారి దగ్గరికి అది చేరడం ఇంకో ఎత్తు. అక్కడ సిరంజి కొనేది ప్రభుత్వం కాదు, తేడా రూపాయో రెండో అయినా లెక్క చూసుకునే మనిషి.

## మిగిలిపోయే చుక్క

విడిగా సూది తగిలించే మామూలు సిరంజిలో పూర్తిగా నొక్కాక కూడా కొనలోనూ సూది అడుగులోనూ దాదాపు 0.08 మి.లీ. మందు ఉండిపోతుంది. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. 5 మి.లీ. ఇంజెక్షన్‌లో ఇది లెక్కలోకి రాదు. 0.1 మి.లీ. డోసులో ఇచ్చిన మందుకు దాదాపు సమానంగా వృథా అవుతుంది. 2020 చివర్లో ఫైజర్ కోవిడ్ టీకా సీసా నుంచి ఐదుకు బదులు ఆరు డోసులు తీయవచ్చని తేలింది డెడ్ స్పేస్ తక్కువ ఉన్న సిరంజిల వల్లే.

కుక్క కాటు టీకా దగ్గర ఇది రోజువారీ వ్యవహారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకాను చర్మంలో 0.1 మి.లీ. చొప్పున రెండు చోట్ల వేస్తారు. ఒక సీసా పలువురికి సరిపోవాలంటే చుక్క కూడా పోకూడదు. అందుకే సూది అతికి ఉన్న 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజినే దీనికీ వాడతారు. ఇక్కడ మళ్లీ పాత తిరకాసు ఎదురవుతుంది. ఒక మనిషికి కావాల్సిన 0.2 మి.లీ. తీయాలంటే 100 సిరంజిలో 20 గీత దాకా, 40 సిరంజిలో 8 గీత దాకా లాగాలి. షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ సిరంజితో ఏదో వేశారని కంగారుపడే బంధువులకు ఈ సంగతి ఒక్క ముక్కలో చెబితే టెన్షన్ తగ్గుతుంది.

ముందే మందు నింపి వచ్చే సిరంజిల్లో ఇంకో రకం కంగారు ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద వేసే ఎనాక్సపారిన్ సిరంజిలో ఒక గాలి బుడగ కనిపిస్తుంది. పూర్తి డోసు వేసేటప్పుడు దాన్ని బయటకు తోయకూడదు. చివర ఆ బుడగే సూదిలోని మందును లోపలికి నెడుతుంది. బుడగ వదలబోయి మందు చుక్కలు పోగొట్టేవారు చాలామంది.

## ప్యాకెట్ చెప్పేది, విశాఖ పాత్ర

హైపోడెర్మిక్ (ఇంజెక్షన్‌కు వాడే) సిరంజిలు మన దేశంలో చాలాకాలంగా మందుల చట్టం కిందే ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 అమల్లోకి వచ్చాయి. ప్యాకెట్ మీద తయారీ లైసెన్సు, బ్యాచ్, గడువు తేదీతో పాటు స్టెరిలైజ్ చేసిన పద్ధతి ఉంటుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో చేశారా, రేడియేషన్‌తోనా అన్నది అక్కడ గుర్తుల్లో కనిపిస్తుంది. 2 అంకెను అడ్డంగా కొట్టేసిన గుర్తుకు అర్థం రెండోసారి వాడొద్దని. ఒకవైపు కాగితం ఉన్న ప్యాకెట్ తడిసి ఆరినా, చిరిగినా లోపలిది ఇక శుభ్రమైనది కాదు, గడువు ఎంత ఉన్నా సరే. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో నెలకు సరిపడా కొని వంటింటి అలమారలో పెట్టేవారు ఇది చూసుకోవాలి.

ఇలాంటి వస్తువుల తయారీకి విశాఖలోనే ఒక పెద్ద వేదిక ఉంది. పెదగంట్యాడ వైపు సుమారు 270 ఎకరాల్లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల కోసమే ఏర్పాటైన పార్కు. 2018 డిసెంబరు 13 నుంచి 15 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగో గ్లోబల్ ఫోరం ఆన్ మెడికల్ డివైసెస్ ఇక్కడే జరిగింది. సిరంజి లాంటి చవక వస్తువులో ప్లాస్టిక్ ఖర్చు కంటే స్టెరిలైజేషన్, పరీక్షల ఖర్చు చిన్న కంపెనీని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గామా రేడియేషన్ కేంద్రం, పరీక్షా కేంద్రాల వంటివి ఉమ్మడిగా ఉండటం ఈ పార్కు ఇచ్చే అసలు లాభం. కోవిడ్ టీకాల వేళ దేశంలో సిరంజిల కొరత వస్తుందన్న భయంతో 2021 అక్టోబరులో కేంద్రం కొన్ని రకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఇంత చిన్న వస్తువుకూ సరఫరా గొలుసు ఎంత బిగుసుకుపోగలదో ఆ సీజన్‌లో తెలిసింది.

## వాడాక ఎటు పోవాలి

ఆసుపత్రిలో దారి స్పష్టంగానే ఉంది. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం సూది తీసేసిన సిరంజి ఎర్ర సంచిలోకి, సూదులు, సూది అతికి ఉన్న సిరంజిలు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలోకి వెళ్లాలి. సూదికి మళ్లీ మూత పెట్టొద్దని సిబ్బందికి చెప్పేది మూత పెట్టేటప్పుడే ఎక్కువ పోట్లు పడతాయి కాబట్టి.

ఇంటి సిరంజిలే ఎటూ కాకుండా మిగిలాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇళ్లలో వాడిన సూదులు, సిరంజిలను ప్రమాదకరమైన గృహ వ్యర్థాల్లో చేర్చాయి. అంటే తడి చెత్తతోనూ పొడి చెత్తతోనూ కలపకూడదు. ఆచరణలో రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకునే ఇంటి నుంచి నెలకు అరవై దాకా సూదులు మామూలు కవర్లో జీవీఎంసీ చెత్త బండి ఎక్కుతుంటాయి. వాటిని చేత్తో వేరు చేసే పారిశుద్ధ్య కార్మికుడికి ఆ సూది ఎవరిదో, వారికి ఏ జబ్బు ఉందో తెలియదు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, దళసరి షాంపూ సీసా అయినా సరే, సూది కిందికి ఉండేలా వేసి, ముప్పాతిక నిండగానే మూత బిగించి, పైన "సూదులు" అని తెలుగులో రాసి, కార్మికుడికి విడిగా చేతికివ్వాలి. ఇన్సులిన్ కొనే షాపుగానీ, చూపించుకునే ఆసుపత్రిగానీ ఆ డబ్బాను తీసుకుంటుందేమో అడిగితే ఇంకా మంచిది. కొన్ని తీసుకుంటాయి.